దొరికిన నాణెం ఎవరిది?

నేలలో పాత డబ్బు దొరికిందంటే ఊళ్లో మూడు మాటలు వినబడతాయి. దొరికినవాడిదే అని కొందరంటారు. కాదు, భూమి ఎవరిదో వారిదే అని ఇంకొందరంటారు. రెండూ కాదు, అది సర్కారుది, బయటికి పొక్కితే పోలీసులొస్తారు, నోరు మూసుకోమని పెద్దలంటారు. ఈ మూడు మాటల మధ్య మన నేలలో దొరికిన నాణేలు ఎన్నో బంగారు దుకాణాల మూసలో కరిగిపోయాయి, పాత ఇత్తడి సామాన్లతో కలిసి తూకానికి వెళ్లిపోయాయి.

మా అభిప్రాయం ఇది. దొరికిన నాణెం ఎవరిదో చట్టం తేల్చుకోవచ్చు. కానీ అది ఎక్కడ దొరికిందన్న సంగతి మాత్రం అందరిదీ. ఆ సంగతి చెప్పినవారిని దొంగల్లా చూడకుండా, గౌరవించి, తగిన ప్రతిఫలం ఇచ్చే పద్ధతి మన దగ్గర రావాలి. ఇది కుదరని పని కాదు. సెలవు రోజుల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల వెంట నాణేలు వెతికే ఇంగ్లండు మామూలు మనుషుల అనుభవం చూస్తే ఈ విషయం తెలుస్తుంది. అందుకే ముందు వారి సంగతి చెప్పి, తరువాత మన ఊరికి వస్తాం.

యంత్రం ఎలా పనిచేస్తుంది?

మెటల్ డిటెక్టర్ అంటే మనకు తెలిసింది గుడి దగ్గర, కలెక్టరేటు దగ్గర, పెద్ద సినిమా హాళ్ల దగ్గర తనిఖీ చేసే యంత్రమే. అందులో మాయ ఏమీ లేదు. పదో తరగతి భౌతికశాస్త్రంలో మనం చదివే ఫారడే సూత్రమే దానికి ఆధారం. యంత్రం కింద పళ్లెంలా కనిపించే భాగంలో రాగి తీగ చుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో దిశ మారుతూ ఉండే విద్యుత్తు పారితే దాని చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రంలోకి లోహం వస్తే లోహంలో సుడుల్లాంటి చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. అవి తిరిగి తమ సొంత అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. దాన్ని ఇంకో చుట్ట పసిగడుతుంది. చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోనులో శబ్దం వినిపిస్తుంది.

టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లో ఇలాంటి పరికరాన్ని తయారుచేశాడు. అప్పుడు అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ తుపాకి దెబ్బ తిని మంచంలో ఉన్నాడు. ఒంట్లో గుండు ఎక్కడుందో కనుక్కోవడానికి బెల్ ప్రయత్నించాడు కాని ఫలితం దక్కలేదు. పడకలోని ఉక్కు స్ప్రింగులు కూడా అడ్డమయ్యాయని చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండుకు చెందిన కొసాట్స్కి అనే అధికారి రూపొందించిన యంత్రం భూమిలో పాతిన మందుపాతరలను పట్టుకుంది. యుద్ధం తరువాత ఆ విద్యే నాణేలు వెతికేవారి చేతికి వచ్చింది.

ఈ యంత్రానికి హద్దులున్నాయి. మన రూపాయి బిళ్లంత నాణెం జానెడు లోతు దాటితే చాలా యంత్రాలకు అందదు. లోహం ఎంత పెద్దదైతే అంత లోతుగా తెలుస్తుంది. ఇనుముకు ఒక రకం శబ్దం, వెండికి, రాగికి ఒక రకం శబ్దం వచ్చేలా చేయవచ్చు గానీ అది కూడా ఎప్పుడూ నమ్మకం కాదు. చాక్లెట్ చుట్టిన రేకు, శీతలపానీయం డబ్బా మూతకుండే ఉంగరం కూడా మంచి నాణెంలాగే కూస్తాయి.

పొలంలో వెతుకులాట

ఈ హాబీ ఉన్నవారి రోజు ఎలా గడుస్తుందో వింటే అది ధనం కోసం పరుగు కాదని అర్థమవుతుంది. ముందు భూమి యజమాని అనుమతి తీసుకోవాలి. రక్షిత ప్రాచీన స్థలాల్లో ప్రత్యేక అనుమతి లేకుండా యంత్రం వాడటం అక్కడ 1979 చట్టం ప్రకారం నేరం. కోతలు అయిపోయి, పొలం దున్ని, వాన పడి మన్ను అణిగాక వెతకడం మంచిదంటారు. పళ్లేన్ని నేలకు ఆనీ ఆనకుండా పట్టుకుని, మన రైతు కొడవలి తిప్పినట్లు ఇటూ అటూ మెల్లగా తిప్పుతూ వరుసలు తప్పకుండా నడవాలి. శబ్దం వచ్చిన చోట రెండు దిక్కుల నుంచి చూసి, గడ్డి పెళ్లను మూతలా ఎత్తి తవ్వి, చూసిన తరువాత మళ్లీ గుంట పూడ్చి గడ్డి కప్పాలి.

రోజంతా నడిస్తే దొరికేవి ఎక్కువగా మేకులు, బొత్తాలు, తూటా డొక్కులు, అరిగిపోయిన రాగి పెన్నీలు. ఎప్పుడో ఒకసారి సమ్మెటతో కొట్టి ముద్ర వేసిన మధ్యయుగాల వెండి నాణెం గోరంత సైజులో బయటపడుతుంది. ఏడెనిమిది వందల ఏళ్ల కింద ఎవరి చేతి నుంచో జారిన దాన్ని తరువాత మొదట తాకింది తామే కదా అన్న పులకింత కోసమే చలిలో, బురదలో తిరుగుతామని చాలామంది చెబుతారు. ఆశ ఉన్నా, ఎక్కువమంది ఖాళీ చేతులతోనే ఇంటికి పోతారు.

సుత్తి కోసం వెతికితే

1992 నవంబరు 16న ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో హాక్సన్ అనే ఊరి దగ్గర ఎరిక్ లాస్ అనే ఆయన యంత్రం పట్టుకుని పొలంలో దిగాడు. ఆయన తోటమాలిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. వెతుకుతున్నది నిధి కాదు, స్నేహితుడైన రైతు పోగొట్టుకున్న సుత్తి. బయటపడినవి బంగారు, వెండి రోమన్ నాణేలు. కొన్ని తీశాక ఆయన తవ్వడం ఆపేశాడు. అధికారులకు కబురు పెట్టాడు. మరునాడు పురావస్తు నిపుణులు వచ్చి మట్టితో సహా జాగ్రత్తగా తీశారు. మొత్తం నాణేలు దాదాపు 15,000. వాటితోపాటు నగలు, వెండి చెంచాలు, మిరియాల పొడి చల్లుకునే నాలుగు వెండి బుడ్లు దొరికాయి. ఆ మిరియాలు మన దక్షిణ భారతదేశం నుంచి ఓడల్లో వెళ్లిన సరుకు. నిధికి ప్రభుత్వం 17,50,000 పౌండ్లు చెల్లించింది. ఎరిక్ లాస్ దానిని పొలం రైతుతో పంచుకున్నాడు. ఆ సుత్తి కూడా దొరికింది. అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

2010 ఏప్రిల్‌లో సోమర్సెట్ ప్రాంతంలో ఫ్రూమ్ పట్టణం దగ్గర డేవ్ క్రిస్ప్ అనే ఆయనకు ఒక కుండ తగిలింది. ఆయన ఆసుపత్రి వంటశాలలో పనిచేసేవాడు. కుండ అంచు కనిపించగానే ఆయన కూడా చేయి ఆపి నిపుణులను పిలిచాడు. ఆ ఒక్క కుండలో 52,503 రోమన్ నాణేలున్నాయి. నిపుణులు వాటిని గుమ్మరించలేదు, పొరలు పొరలుగా తీశారు. అందువల్ల ఒక ముఖ్యమైన సంగతి తెలిసింది. కుండలో అన్నిటికంటే కొత్తవైన కరోసియస్ చక్రవర్తి నాణేలు పైన కాకుండా ఎక్కువగా కింది పొరల్లో ఉన్నాయి. అంటే ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కూడబెట్టినవి కావు, ఒక్కసారే పోసి పాతినవి. కుండను సంచిలోకి వంపి ఉంటే 52,503 నాణేలు మిగిలేవి కానీ ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

మా వాదనకు ఇదే మూలం. నాణెం విలువ లోహంలో కొంత, దాని మీది అక్షరాల్లో కొంత, అది పడి ఉన్న చోటులో చాలా ఉంది. చోటు పోతే నాణెం మూగదవుతుంది.

వారిని నిజం చెప్పేలా చేసినది ఏది?

ఇంగ్లండు వారు మనకంటే నీతిమంతులని మేము అనడం లేదు. అక్కడా రాత్రిపూట యంత్రాలతో పొలాల్లో పడి దోచుకునేవారున్నారు. కానీ చెప్పినవాడికి మేలు జరిగేలా, దాచినవాడికి నష్టం జరిగేలా అక్కడ చట్టాన్ని మార్చుకున్నారు. 1996లో చేసిన నిధుల చట్టం 1997 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 300 ఏళ్లు దాటిన బంగారు లేదా వెండి నాణేలు రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఒకే చోట దొరికితే 14 రోజుల్లో తెలియజేయాలి. మ్యూజియం వాటిని తీసుకోదలిస్తే మార్కెట్ ధర కట్టి ఇస్తుంది. ఆ సొమ్మును సాధారణంగా దొరికినవారికీ భూమి యజమానికీ సగం సగం పంచుతారు. తప్పు దారిలో తవ్వినవారికి ప్రతిఫలం తగ్గించవచ్చు, పూర్తిగా ఆపవచ్చు.

అదే 1997లో ఇంకో పని చేశారు. నిధి కిందికి రాని చిన్న చిన్న వస్తువులను కూడా ఎవరైనా తెచ్చి చూపించి నమోదు చేయించుకునే పథకం పెట్టారు. అధికారి వస్తువును చూసి, ఫోటో తీసి, దొరికిన చోటు రాసుకుని, తిరిగి ఇచ్చేస్తాడు. భయం లేదు. ఇలా నమోదైన వస్తువులు 15 లక్షలు దాటాయి. పరిశోధకులు వీటి ఆధారంగా పాత ఊళ్లు, పాత బాటలు, పాత సంతలు ఎక్కడుండేవో గుర్తిస్తున్నారు.

దాచినవారి కథ కూడా చెప్పుకోవాలి. 2015లో లెమిన్‌స్టర్ పట్టణం దగ్గర ఇద్దరికి వైకింగుల కాలం నాటి నిధి దొరికింది. నాణేలు దాదాపు 300 ఉంటాయని అంచనా. వారు ఎవరికీ చెప్పకుండా అమ్మకానికి పెట్టారు. 2019లో కోర్టు వారికి జైలు శిక్ష వేసింది. నాణేల్లో చాలా భాగం జాడ లేకుండా పోయింది. దొరికిన కొద్ది నాణేల మీద ఇద్దరు రాజులు పక్కపక్కన కూర్చున్న బొమ్మ ఉంది. ఒకరు ప్రసిద్ధుడైన ఆల్ఫ్రెడ్, రెండోవాడు చరిత్రకారులు బొమ్మ రాజని తీసిపారేసిన సియోల్‌వుల్ఫ్. ఇద్దరూ సమానంగా పొత్తు కలిపారని ఆ నాణేలు చెప్పాయి. మిగతావి ఇంకేం చెప్పేవో!

ఈ హాబీని మెచ్చని పండితులూ ఉన్నారు. ఐర్లండులో పురావస్తువుల కోసం అనుమతి లేకుండా ఈ యంత్రంతో వెతకడమే నేరం. తెలియనివారు తవ్వితే పొరలు చెడిపోతాయన్న వారి భయం న్యాయమైనదే. మేము కూడా యంత్రాన్ని పొగడటం లేదు. మేము పొగిడేది చేయి ఆపి కబురు పెట్టిన ఆ తోటమాలినీ, ఆ వంటమనిషినీ. వారు అలా ఆపడానికి దారి చూపిన పద్ధతినీ.

మన నేల సంగతి

మన దగ్గర నాణేలు వెతికే హాబీ అంతగా లేదు. కానీ నాణేలు దొరకడం మాత్రం కొత్త కాదు. ఇంగ్లండులో సెలవు రోజున సరదాకు పొలంలో దిగేవారికి దొరుకుతాయి. ఇక్కడ కూలికి తవ్వేవారికి దొరుకుతాయి. బావి తవ్వేవారు, పునాది తీసేవారు, చెరువు పూడిక ఎత్తేవారు, నాగలి పట్టినవారు. అంటే మా అమ్మానాన్నలు, మీ అమ్మానాన్నలు. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పనుల్లోనూ, 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ చెరువు పనుల్లోనూ ఎంత మట్టి కదిలిందో ఆలోచించండి. ఆ మట్టిలో ఏమున్నదో చూసి రాసుకున్నవారెవరు?

చూసి రాసుకుంటే ఏమవుతుందో కోటిలింగాల చెబుతుంది. ఇప్పటి జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఊరు అది. అక్కడ దొరికిన నాణేలను స్థానిక చరిత్రాభిమానులు శ్రద్ధగా పోగుచేసి పరిశోధకుల దృష్టికి తెచ్చారు. పి.వి.పరబ్రహ్మశాస్త్రి గారి వంటి పండితులు వాటి మీది అక్షరాలు చదివారు. గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు బయటపడ్డాయి. శాతవాహన వంశ మూలపురుషుడిగా పురాణాలు చెప్పే శిముకుని పేరున్న నాణేలు అక్కడే దొరికాయి. శాతవాహనుల తొలి నాళ్లు ఎక్కడ గడిచాయన్న చర్చలో తెలంగాణకు చోటు దక్కింది. అవే నాణేలు నగరంలో ఏ నాణేల వ్యాపారి పెట్టెలోనో చోటు పేరు లేకుండా కనిపించి ఉంటే ఇంత బలం ఉండేదా?

ఇప్పటి పెద్దపల్లి జిల్లాలోని పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన కాలపు నాణేలు వేల సంఖ్యలో దొరికాయి. ఉమ్మడి నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1500కు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. సముద్రాలు దాటి వచ్చిన రోము డబ్బు మన పల్లెలో ఎవరి ఇంట్లో దాగి ఉందో! హాక్సన్‌లో మిరియాల బుడ్డి, అక్కనపల్లిలో రోము వెండి ఒకే వ్యాపారం తాలూకు రెండు కొసలని చెప్పవచ్చు.

మన చట్టం ఏమంటోంది?

మన దేశంలో నిధుల చట్టం 1878 నాటిది. తెల్లవారు చేసినది. దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని అందులో ఉంది. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది రాయాలి. చెప్పకపోతే వాటా పోతుంది, ఏడాది వరకు జైలు. ఇది మన పల్లెల్లో అందరికీ ఏదో ఒక రూపంలో తెలుసు. కానీ అదే చట్టంలో ఇంకో మాట ఉంది. అది ఎవరూ చెప్పరు. నిధికి హక్కుదారు ఎవరూ లేరని తేలి, వేరే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడు వంతులు దొరికినవారికి, ఒక వంతు భూమి యజమానికి చెందుతాయి. అంటే పరాయి చేలో కూలికి పోయి గడ్డపార వేసిన మనిషికి భూస్వామి కంటే ఎక్కువ వాటా రాసి ఉంది! జైలు మాట ఊరంతా తెలిసి, వాటా మాట ఒక్కరికీ తెలియకపోవడం ఏమి న్యాయం?

అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. ప్రభుత్వం నిధిని తీసుకోదలిస్తే దానిలోని లోహం విలువ, దానికి అయిదో వంతు అదనంగా ఇస్తే చాలునని ఈ చట్టం చెబుతోంది. బంగారమైతే కొంత వస్తుంది. కానీ శాతవాహనుల నాణేలు ఎక్కువగా సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహం. పిడికెడు సీసానికి ధర ఎంత? రెండు వేల ఏళ్ల చరిత్రకు పాత సామాన్ల బండివాడి లెక్క కడితే ఎవరు ముందుకొస్తారు? రోజు కూలి వదులుకుని కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరగడానికి బస్సు చార్జీలు కూడా రావు. చెప్పనివారిని నిందించే ముందు ఈ లెక్క చూడాలి.

గుప్తనిధుల పిచ్చి

చెప్పేవారికి దారి లేని చోట దోచేవారు బాగుపడతారు. గుప్తనిధుల పేరుతో పాడుబడిన గుళ్లలో గర్భగుడి తవ్వడం, నందులను పగలగొట్టడం, కోట బురుజులు కూల్చడం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. దొంగ స్వాములు, పూజలు, అంజనాలు. వీటికి తోడు ఇప్పుడు మెటల్ డిటెక్టర్లు. మూడు నిలువుల లోతున బంగారు బిందె ఉందని యంత్రం చూపించిందని నమ్మించి పేదవాళ్ల దగ్గర డబ్బు గుంజుతున్నారు. పైన మేము రాసింది గుర్తుంచుకోండి. నాణెం జానెడు దాటితే చాలా యంత్రాలకు దిక్కు తెలియదు. యంత్రం లోహం ఉందని కూస్తుంది, బంగారమని ప్రమాణం చేయదు. బియ్యాన్ని లాగే రాగి పాత్ర ఉందని చెప్పే రైస్ పుల్లింగ్ మోసం ఎంత అబద్ధమో ఇదీ అంతే.

మేము కోరుతున్నది

ఎవరుపడితే వారు యంత్రాలు కొని పొలాల మీద పడాలని మేము అనడం లేదు. రక్షిత స్థలాల్లో అనుమతి లేని తవ్వకం నేరమే, అలాగే ఉండాలి. మేము కోరేవి నాలుగు.

మొదటిది, చరిత్ర విలువను బట్టి ప్రతిఫలం ఇవ్వాలి, లోహం తూకాన్ని బట్టి కాదు. ఇలా ఇస్తే తవ్వకాలు పెరుగుతాయని కొందరంటారు. ఆశ ఉన్నవాడు ఇప్పుడూ తవ్వుతూనే ఉన్నాడు. పనిలో అనుకోకుండా దొరికి, చేయి ఆపి చెప్పినవారికే ప్రతిఫలం అని నిబంధన పెడితే సరిపోతుంది.

రెండవది, చెప్పుకునే చోటు దగ్గరలో ఉండాలి. మండలంలో ఒక హైస్కూలు ఉపాధ్యాయునికి తర్ఫీదు ఇచ్చి, ఫోటో తీసి, చోటు రాసి, రశీదు ఇచ్చే అధికారం ఇవ్వాలి. పోలీసు స్టేషను గుమ్మం ఎక్కకుండా జరగాలి.

మూడవది, మ్యూజియంలో ఆ నాణెం పక్కన దొరికినవారి పేరు, వారు ఒప్పుకుంటే, రాయాలి. రాజు పేరు నాణెం మీద ఉంటుంది. తవ్విన శాస్త్రవేత్త పేరు పుస్తకంలో ఉంటుంది. మొదట మట్టిలోంచి తీసిన కూలి పేరు ఎక్కడా ఉండదు. చెరువులు తవ్విన చేతుల పేర్లు శాసనాల్లో లేవు. ఈ కాలంలోనైనా ఆ లోటు కొంత తీరాలి.

నాలుగవది, చట్టంలో వాటా మాట కూడా తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు పెద్దలకు చెప్పండి. పాత నాణెం కనిపిస్తే చింతపండుతో తోమవద్దు. ఆ పులుపు పచ్చటి పొరతో పాటు అక్షరాలను కూడా తినేస్తుంది. కుండ కనిపిస్తే వంపవద్దు. ఏ చేను, ఎంత లోతు, పక్కన పెంకులు, ఇటుకలు, ఎముకలు ఏమైనా ఉన్నాయా అన్నది కాగితం మీద రాయండి. ఫోనుతో అక్కడే ఫోటో తీయండి. కలెక్టరు పేర అర్జీ రాసి, ఒక ప్రతి మీద రశీదు ముద్ర వేయించుకోండి. వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని దేశం దాటించడం నేరమని కూడా చెప్పండి. మన ఇళ్లలో అర్జీ రాయగలిగిన మొదటి తరం మనదే. ఆ చదువు ఇలాంటి చోట పనికిరాకపోతే ఇంకెక్కడ పనికొస్తుంది?

మిత్రులారా! మన ఊళ్లకు చరిత్ర లేదనే మాట వింటూ పెరిగాం. చరిత్ర ఉంది. అది మన అమ్మానాన్నల గడ్డపార కిందనే ఉంది. అది బయటికొచ్చిన రోజున వారు భయపడి దాచుకోకుండా, ఇదిగో ఇక్కడ దొరికింది అని తలెత్తి చెప్పగలగాలి. ఆ రోజు కోసం అడుగుదాం.